మజార్లపై సౌసన్
ఒక పూలమొక్క చరిత్ర, దాని పోషణ

ఇస్లామీయ నాగరికతా చరిత్ర అనగానే సాధారణంగా గుర్తుకు వచ్చేవి మస్జిదులు, మద్రసాలు, గ్రంథాలయాలు, కోటలు. రాతి కట్టడాలు, వ్రాతప్రతులు చరిత్రకు సాక్ష్యాలని అందరూ ఒప్పుకుంటారు. ఒక పూలమొక్క దుంప కూడా అటువంటి సాక్ష్యమే కాగలదన్న సంగతి మాత్రం అంతగా ఎవరి దృష్టికీ రాదు. అరబ్బులు సౌసన్ అని, పారశీకులు, ఉర్దూవారు సోసన్ అని, ఐరోపావారు ఐరిస్ అని పిలిచే పూవు చరిత్ర ఇటువంటిదే. యెమెన్ కొండలలో పుట్టిన తెల్లని సౌసన్ అందులూసియా వరకు సాగిన మార్గమంతా ముస్లింల చేతులమీదుగానే సాగింది. ఆ మొక్క ఎక్కడ పూస్తుంది, ఎక్కడ పూయడం మానుతుంది, ఎందుకు కుళ్లిపోతుంది అన్న ప్రశ్నలు తోటమాలికే కాక చరిత్రకారునికి కూడా ఉపయోగపడతాయి. ఏమంటే దాని స్వభావం తెలియనిదే దాని ప్రయాణం అర్థం కాదు.

పేరు, గ్రంథాలు

సౌసన్ ఆకులు కత్తుల వలె నిటారుగా నిలుస్తాయి. పూవుకు ఆరు రేకులు. మూడు పైకి లేచి గుమ్మటంలా ముడుచుకుంటాయి, మూడు క్రిందికి వ్రేలాడుతాయి. తోటలలో ఎక్కువగా పెంచే జాతులలో ఆ క్రింది రేకుల మీద చిన్న గడ్డం వంటి నూగు ఉంటుంది. నేలలో దీనికి ఉల్లివలె గడ్డ ఉండదు. పసుపు కొమ్మును పోలిన దుంప ఉంటుంది. అరబ్బీలో సౌసన్ అన్న మాట లిల్లీ జాతులకూ వర్తిస్తుంది కనుక, వైద్యులు ఈ మొక్కను ప్రత్యేకించి చెప్పవలసి వచ్చినపుడు ‘సౌసన్ ఆస్మాన్‌జూనీ’, అనగా ఆకాశవర్ణపు సౌసన్ అన్నారు. దాని దుంపకు గ్రీకు పేరునే కొద్దిగా మార్చి ‘ఈర్సా’ అని వ్యవహరించారు. గ్రీకు భాషలో ఐరిస్ అంటే ఇంద్రధనుస్సు.

క్రీ.శ. మొదటి శతాబ్దపు గ్రీకు వైద్యుడు డియోస్కొరిడెస్ రచించిన ఓషధి గ్రంథంలో మొట్టమొదట వర్ణించబడిన మొక్క ఇదే. తొమ్మిదవ శతాబ్దంలో బగ్దాదులో ఇస్తిఫాన్ ఇబ్న్ బసీల్ ఆ గ్రంథాన్ని అరబ్బీలోకి అనువదించగా, ప్రఖ్యాత అనువాదకుడు హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ దానిని సరిచూశాడు. గ్రీకులో ఉన్న కొన్ని మొక్కల పేర్లకు అరబ్బీ సమానపదాలు దొరకక అవి అలాగే మిగిలిపోయాయి. హిజ్రీ 337 (క్రీ.శ. 948) లో బైజాంటియం చక్రవర్తి ఏడవ కాన్‌స్టంటైన్, కొర్డొబా ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్‌కు ఈ గ్రంథపు సచిత్ర గ్రీకు ప్రతిని కానుకగా పంపాడు. దానిని చదవగలవారు లేకపోవడంతో 951లో నికొలస్ అనే సన్యాసి కొర్డొబాకు వచ్చాడు. అతడు, ఖలీఫా ఆస్థానంలోని యూదు వైద్యుడు హస్‌దాయ్ ఇబ్న్ షప్రూత్, అక్కడి ముస్లిం వైద్యులు కలసి కూర్చుని, ఏ పేరు ఏ మొక్కదో ఒక్కొక్కటిగా తేల్చారు. ఈ వృత్తాంతాన్ని కొర్డొబా వైద్యుడు ఇబ్న్ జుల్‌జుల్ వ్రాసి ఉంచాడు.

ఇబ్న్ సీనా తన ‘ఖానూన్’ రెండవ సంపుటంలో ఈర్సాకు స్థానమిచ్చాడు. మాలగాలో పుట్టి హిజ్రీ 646 (క్రీ.శ. 1248) లో దమిష్కులో మరణించిన ఇబ్నుల్ బైతార్ సుమారు 1400 ఔషధ ద్రవ్యాలను వర్ణిస్తూ దీనినీ చేర్చాడు. దగ్గుకు, రొమ్ములోని కఫానికి ఎండిన దుంపను వాడడం ఈ వైద్య సంప్రదాయంలో ఉంది. యునానీ వైద్యంలో ఈర్సా అన్న పేరు అదే అర్థంలో నిలిచిపోయింది. పచ్చి దుంప మాత్రం కడుపులో మంట, విరేచనాలు కలిగిస్తుంది, దానిని తినరాదు.

యెమెన్ నుంచి అందులూసియాకు

గ్రంథాలలో నమోదైన నీలి సౌసన్ ఒకటైతే, గ్రంథకర్తలకంటె సామాన్య జనులు ఎక్కువగా మోసుకుపోయినది తెల్ల సౌసన్. వృక్షశాస్త్రంలో దీని పేరు ఐరిస్ ఆల్బికాన్స్. దీని స్వస్థలం యెమెన్, దానిని ఆనుకొని ఉన్న సౌదీ అరేబియా పర్వత ప్రాంతం. అక్కడినుంచి ఇది మధ్యధరా సముద్ర తీరమంతటా వ్యాపించి పశ్చిమాన స్పెయిన్ చేరింది. ముస్లిం శ్మశానవాటికలలో సమాధుల మీద నాటడమే ఈ వ్యాప్తికి కారణమని వృక్షశాస్త్రజ్ఞుల నిర్ణయం.

ఈ నిర్ణయానికి బలమైన ఆధారం మొక్కలోనే ఉంది. తెల్ల సౌసన్ గొడ్డు మొక్క. అది పూస్తుంది గాని మొలకెత్తే విత్తనం కట్టదు. గాలి గాని, పక్షి గాని, వరద నీరు గాని దీని విత్తనాన్ని ఒక దేశం నుంచి మరొక దేశానికి చేర్చే అవకాశమే లేదు. కొత్త చోట ఒక దుబ్బు కనిపించిందంటే, ఎవరో ఒక మనిషి దుంపను విరిచి, మూటకట్టి తెచ్చి, నాటి ఉండాలి. ఆ మాటకు వస్తే యెమెన్ మొదలు అండలూసియా వరకు ఉన్న ప్రతి దుబ్బూ పాత దుంప ముక్కే. వాటి మధ్య తల్లీబిడ్డల సంబంధం లేదు; అన్నీ ఒకే మొక్క శరీరభాగాలు. ఈ ప్రయాణానికి దుంప చక్కగా సహకరిస్తుంది. మట్టి నుంచి తీసి వారాల తరబడి పొడిగా ఉంచినా అది చావదు. తిరిగి నాటితే వేళ్లు పోస్తుంది.

సమాధి మీద పచ్చని మొక్క నాటే ఆచారానికి జనులు ఒక హదీసును ఆధారంగా చూపుతారు. మహాప్రవక్త (స) రెండు సమాధుల ప్రక్కగా వెళుతూ పచ్చి ఖర్జూరపు మట్టను రెండుగా చీల్చి ఒక్కొక్క సమాధిపై ఒక్కొక్కటి గ్రుచ్చారనీ, అవి ఎండనంత కాలం ఆ మృతుల బాధ తగ్గవచ్చునని ఆశించారనీ ఇబ్న్ అబ్బాస్ (ర) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఇది ఆ రెండు సమాధులకే ప్రత్యేకమా, అందరికీ వర్తించే ఆచరణా అన్న విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. ఆ చర్చ ఎలా ఉన్నా, జనసామాన్యం పచ్చదనాన్ని సమాధులకు తెచ్చింది. సమాధులను గచ్చు చేయరాదన్న నిషేధం జాబిర్ (ర) ఉల్లేఖనంగా సహీ ముస్లింలో ఉంది. మట్టి సమాధి మట్టిగానే ఉన్నచోట మొక్కకు కూడా చోటు దొరికింది.

హిజ్రీ 897 (క్రీ.శ. 1492) లో గ్రనడా పతనమైంది. 1609 నుంచి 1614 వరకు, బలవంతంగా క్రైస్తవులుగా మార్చబడిన మొరిస్కోలు సైతం స్పెయిన్ నుంచి బహిష్కరించబడ్డారు. నాటినవారు పోయినా నాటిన మొక్క ఉండిపోయింది. 1860లో డెన్మార్క్ వృక్షశాస్త్రజ్ఞుడు యోహాన్ లాంగే దక్షిణ స్పెయిన్‌లోని అల్మెరియా ప్రాంతపు మొక్కలను చూచి దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ విధంగా అరేబియా మొక్క స్పెయిన్ చిరునామాతో శాస్త్ర గ్రంథాలకెక్కింది. అది యెమెన్‌ది అన్న సంగతి తరువాత స్థిరపడింది. స్పెయిన్‌వారు దానిని మెక్సికోకు తీసుకుపోయారు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో నేటికీ అది పాత శ్మశానాలలో పూస్తుంది. అక్కడి జనం వాడుకలో అది శ్మశానపు ఐరిసే. మతం మారింది, ఖండం మారింది, మొక్క నాటే చోటు మాత్రం మారలేదు.

అందులూసియా సేద్యశాస్త్రం

మొక్కలను ఇంత దూరం చేర్చి బ్రతికించుకోవడం వట్టి అలవాటుతో సాధ్యమయ్యేది కాదు. ‘ఇల్మ్ అల్ ఫిలాహా’ అనే సేద్యశాస్త్రం ఆ యుగంలో అందులూసియాలో ఉన్నత స్థాయికి చేరింది. ఇబ్న్ బస్సాల్ టొలేడో పాలకుడు మామూన్ ఆస్థానంలో తోటల శాస్త్రవేత్త. హిజ్రీ 478 (క్రీ.శ. 1085) లో టొలేడో క్రైస్తవ రాజుల వశం కావడంతో అతడు సెవిల్‌కు వలసపోయి అక్కడి పాలకుడు ముతమిద్ తోటలలో పనిచేశాడు. నేలలను పది రకాలుగా విభజించి, ఏ నేల ఏ ఋతువులో ఎలా ప్రవర్తిస్తుందో, దేనికి ఏ ఎరువు తగునో అతడు వివరించాడు.

పన్నెండవ శతాబ్దపు చివరలో సెవిల్‌కే చెందిన ఇబ్నుల్ అవ్వామ్ ‘కితాబుల్ ఫిలాహా’ రచించాడు. 585 రకాల మొక్కలు, 50కి పైగా ఫలవృక్షాలు అందులో వర్ణించబడ్డాయి. పూర్వుల గ్రంథాలను అతడు విరివిగా ఉదహరించాడు. వాటిలో ఇరాక్‌కు చెందిన ఇబ్న్ వహ్‌షియ్యా పేర వెలువడిన ‘నబాతీ సేద్యం’ ముఖ్యమైనది. అయినా పూర్వులు చెప్పారు గనుక నిజమే అని వదిలివేయక, సెవిల్ సమీపంలోని అష్షరఫ్ ప్రాంతంలో తానే నాటి చూచి, పరీక్షకు నిలిచినదానినే తన మాటగా వ్రాసినట్లు చెప్పుకున్నాడు. ఈ గ్రంథం 1802లో స్పానిష్ భాషలోకి, 1864-67 మధ్య ఫ్రెంచి భాషలోకి అనువదించబడింది.

పూలను, సుగంధ మొక్కలను ఈ గ్రంథకర్తలు కూరగాయలకంటె తక్కువగా చూడలేదు. ధాన్యానికి నేల ఎంపిక, నీటి కొలత ఎంత వివరంగా చెప్పారో గులాబీకి, నర్గిస్‌కు, సౌసన్ జాతులకు కూడా అదే శ్రద్ధ చూపారు. మొక్క పుట్టిన చోటును గమనించి, తోటలో అదే స్థితిని కల్పించడం వారి పద్ధతిలోని సారం. సౌసన్ విషయంలో ఈ పద్ధతి ఎంత సరైనదో ఆధునిక శాస్త్రం చూపుతుంది.

సౌసన్ ఎందుకు పూస్తుంది, ఎందుకు మానుతుంది

సౌసన్ పుట్టిన కొండలలో నేల రాతిది, నీరు నిలవదు, ఎండకు అడ్డు లేదు. మధ్యధరా తీరంలో వర్షం శీతాకాలంలో పడుతుంది, వేసవి పూర్తిగా పొడి. మొక్క వసంతంలో పూచి, వేసవిలో విశ్రమించి, వర్షాలకు మళ్లీ వేళ్లు పోస్తుంది. ఎత్తైన మట్టిదిబ్బగా ఉండి, చెట్ల నీడ లేని సమాధి ఈ మొక్కకు స్వస్థలాన్ని గుర్తుచేసే చోటు. అక్కడ ఎవరూ ఎరువు వేయరు, రోజూ నీరు పోయరు. మొక్కకు కావలసినది కూడా అదే. అతిశ్రద్ధ చూపిన తోటలో చచ్చే సౌసన్, పట్టించుకోని శ్మశానంలో వర్ధిల్లడానికి కారణం ఇందులో ఉంది.

నాటడంలో మొదటి నియమం లోతుకు సంబంధించినది. పసుపు కొమ్మును మట్టిలో పూడ్చినట్లు సౌసన్ దుంపను పూడ్చరాదు. చిన్న మట్టి గట్టు చేసి, దానిమీద దుంపను ఉంచి, వేళ్లను ఇరుప్రక్కలా క్రిందికి పరచి మట్టి కప్పాలి. దుంప వీపు మాత్రం నేలమట్టంలో ఎండకు కనబడుతూ ఉండాలి. మరీ వేడి ప్రాంతాలలో పలుచని మట్టిపొర కప్పవచ్చు. లోతుగా పూడ్చిన మొక్క ఆకులు వేస్తుంది గాని పూయడం అరుదు.

రెండవది ఎండ. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ లేనిచోట పూలు రావు. మూడవది నీటి పారుదల. బంకమట్టి నేల అయితే ఎత్తైన మడి కట్టి ఇసుక, గులకరాళ్లు కలపాలి. నాలుగవది ఎరువు. పచ్చి పశువుల ఎరువు, యూరియా వంటి నత్రజని ఎరువులు ఆకులను ఏపుగా పెంచి, దుంపను మెత్తబరచి, పూలను తగ్గిస్తాయి. ఆ మెత్తని దుంపలోకి బాక్టీరియా ప్రవేశించి దుంపకుళ్లు తెగులు కలిగిస్తుంది. ఆకులు మొదట్లో వాలిపోవడం, దుంప నొక్కితే గుజ్జుగా ఉండి దుర్వాసన రావడం దాని లక్షణాలు. అటువంటి దుంపను వెలికితీసి, కుళ్లిన భాగాన్ని గట్టి కండ కనబడే వరకు పదునైన కత్తితో కోసివేసి, కోసిన ముఖాన్ని కొన్ని రోజులు ఎండకు ఆరనిచ్చి, వేరొక చోట నాటాలి. కత్తిని ప్రతి కోతకూ శుభ్రపరచాలి.

అన్నిటికంటె ముఖ్యమైన నియమం విడదీయడం. అరటిచెట్టు ఒకసారి గెల వేస్తే మళ్లీ వేయదు. ప్రక్కన వచ్చిన పిలకలే మరుసటి పంటను ఇస్తాయి. సౌసన్ దుంప కూడా అంతే. ఒకసారి పూచిన దుంప మళ్లీ పూయదు. దాని ప్రక్క పిలకలు పెరిగి తరువాతి వసంతాలలో పూస్తాయి. మూడు, నాలుగు సంవత్సరాలు గడిచేసరికి పాత దుంపలు, కొత్త దుంపలు ఒకదానిపై ఒకటి ఎక్కి, గాలి, ఎండ, ఆహారం చాలక దుబ్బు మధ్యభాగం ఎండుతుంది, పూలు తగ్గి చివరకు ఆగిపోతాయి. అప్పుడు పూలకాలం ముగిసిన ఆరు నుంచి ఎనిమిది వారాలలోగా దుబ్బును త్రవ్వి, పూచిన పాత దుంపలను తీసివేసి, బలమైన పిలకలను విడదీసి, ఆకులను జానెడు మేరకు కత్తిరించి, అడుగు దూరాన తిరిగి నాటాలి. విడదీయగా మిగిలినవి ఇరుగుపొరుగుకు ఇచ్చేవే. తెల్ల సౌసన్ అన్ని దేశాలు చేరడానికి దారి తీసినది ఈ అవసరమే. ఇవ్వకుండా ఒకేచోట దాచుకున్న దుబ్బు పూయడం మానుతుంది.

కాశ్మీరు, దక్కను

సౌసన్ తూర్పు దిశగా కూడా ఇదే విధంగా నిలిచింది. కాశ్మీరులోని శ్రీనగర్ పరిసర గ్రామాలలో వసంతం రాగానే ముస్లిం సమాధులు తెల్లని, ఊదారంగు సౌసన్ పూలతో నిండుతాయి. కాశ్మీరీలు దానికి వాడే పేరులోనే మజార్ అనే పదం కలిసి ఉంది. 1620లో కాశ్మీరు వెళ్లిన జహంగీర్ చక్రవర్తి అక్కడి పూలను చూచి ముగ్ధుడై, తన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ నూరుకు పైగా పూలను చిత్రించినట్లు తన ఆత్మకథలో వ్రాసుకున్నాడు. 1632లో నిర్మాణం ఆరంభమైన తాజ్‌మహల్ గోడల అడుగుభాగాన పాలరాతిలో ఉబ్బెత్తుగా చెక్కిన పూలమొక్కలలో సౌసన్ కూడా ఒకటి. మట్టి సమాధి మీద పేదవాడు నాటిన పూవే, చక్రవర్తి కట్టించిన సమాధి మీద రాతిలో పూచింది.

దక్కనులో మాత్రం సౌసన్ తోటలోకంటె మాటలోనే ఎక్కువగా నిలిచింది. పారశీక, ఉర్దూ కవులకు సోసన్ పది నాలుకలుండీ నోరు విప్పని మౌని. ఆ ఉపమానం హైదరాబాదు ముషాయిరాలకు కొత్తది కాదు. ఆడపిల్లలకు సౌసన్ అన్న పేరు పెట్టడమూ ముస్లిం కుటుంబాలలో ఉంది. మొక్క ఇక్కడ స్థిరపడకపోవడానికి కారణం వాతావరణం. మధ్యధరా తీరంలో దుంప విశ్రమించే వేసవి పొడిగా ఉంటుంది. తెలంగాణ, ఆంధ్ర మైదానాలలో అదే సమయానికి నైరుతి ఋతుపవనం వస్తుంది. వేడి, తడి కలిసినచోట దుంపకుళ్లు తప్పదు. చాలా జాతులకు పూమొగ్గ తొడగడానికి అవసరమైన శీతాకాలపు చలి కూడా ఇక్కడ చాలదు. పెంచదలచినవారు చలిని అంతగా కోరని తెల్ల సౌసన్‌ను ఎన్నుకొని, ఇసుక పాలు ఎక్కువగా ఉన్న మట్టితో కుండీలలో నాటి, వానాకాలమంతా చూరు క్రింద పొడిగా ఉంచి, వర్షాలు వెనుకబట్టిన తరువాత ఎండలోకి తేవడం మంచిది.

నిలుపుకోవలసినది

విత్తనం కట్టే మొక్క ఒకచోట నశించినా మట్టిలో మిగిలిన గింజ మళ్లీ మొలవవచ్చు. తెల్ల సౌసన్‌కు ఆ అవకాశం లేదు. పాత ఖబ్రస్తాన్‌లో సమాధులకు సిమెంటు పూసినపుడు, బాటల కోసం నేలను చదును చేసినపుడు, దుబ్బు పోయిందంటే దానితో ఆ ఊరి మొక్క కథ ముగిసినట్లే. ఏ చరిత్రకారుడూ వ్రాయని వలసలకు, పేర్లు తెలియని తల్లులు, తండ్రులు, బిడ్డలు ఆత్మీయుల కోసం చేసిన పనికి ఆ దుంపే మిగిలిన పత్రం.

కొర్డొబాలో పండితులు కూర్చుని మొక్కల పేర్లను తేల్చారు. సెవిల్‌లో ఇబ్నుల్ అవ్వామ్ నాటి చూచి వ్రాశాడు. సామాన్యులు దుంపను విరిచి పక్కవారి చేతిలో పెట్టారు. ఈ మూడు పనులూ జరిగాయి గనుకనే సౌసన్ నిలిచింది. శ్మశానవాటికలను చూచుకునే సంఘాలు గోడలు, దారులు బాగుచేయించేటపుడు అక్కడి పాత దుబ్బులను ముందుగా గుర్తించి, పూలకాలం ముగిశాక విడదీసి, ఎండ తగిలే గట్టున తిరిగి నాటించడం ఖర్చుతో కూడిన పని కాదు. ఒక పారతో, ఒక కత్తితో, ఒక పూట శ్రమతో అయ్యే పని అది.